కుందేళ్ల గొడవ నుంచి పార్లమెంటు చట్టం దాకా

మాస్టర్స్ గోల్ఫ్ టోర్నమెంట్ వచ్చిందంటే పాత వాదన మళ్లీ రాజుకుంటుంది. ఇంత గొప్ప గోల్ఫ్ కోర్సులు (ఆట మైదానాలు) కొద్దిమంది సభ్యులకేనా? ఆ టోర్నమెంట్ జరిగే అమెరికా క్లబ్ అగస్టా నేషనల్‌లో డబ్బు కట్టి ఆడదామంటే కుదరదు, సభ్యుడెవరైనా పిలవాలి. గోల్ఫ్ ఎక్కడ పుట్టింది, ఏ రాజు నిషేధించాడు అన్నవి అందరికీ తెలిసిన కథలే. అసలు మలుపు 1890లలో, స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో ఉంది.

అక్కడి సముద్రపు ఒడ్డు ఇసుక నేల (లింక్స్ అంటారు) ఊరి ఉమ్మడి ఆస్తి. 1797లో అప్పులపాలైన పట్టణ కౌన్సిల్ చేతిలోంచి అది జారిపోయింది. ఆ నేలలో కుందేళ్ల పెంపకం మొదలైంది, గోల్ఫర్లు కోర్టుకెక్కారు. 1821లో జేమ్స్ చీప్ అనే భూస్వామి కొని ఆటను నిలబెట్టాడు. క్లబ్బుల చరిత్రలు చాలావరకు ఇక్కడే చప్పట్లు కొట్టి ఆగుతాయి. కానీ ఒక ఆసామి మంచితనం మీద నడిచే ఏర్పాటు ఎంతకాలం? తర్వాతి తరాల్లో ఆ కుటుంబం అమ్మితే, కొన్నది ఆ ఊళ్లోని గోల్ఫ్ క్లబ్, రాయల్ అండ్ ఏన్షియంట్. అంటే ఆ నేల మీది పాత మైదానం ఓల్డ్ కోర్సు కూడా కొన్నాళ్లు ప్రైవేటు క్లబ్ సొత్తే!

ఊరు ఊరుకోలేదు. పార్లమెంటు దాకా వెళ్లి 1894 చట్టంతో నేలను వెనక్కి తెచ్చుకుంది. ఆ ఒప్పందంలో భాగంగా క్లబ్ ఖర్చుతో 1895లో న్యూ కోర్సు వచ్చింది, క్లబ్ సభ్యులకూ ఆట సమయాల్లో వాటా దక్కింది. 1974 నుంచి నిర్వహణ ఒక ట్రస్టుది. క్లబ్ భవనం ఇప్పటికీ ప్రైవేటే, దాని గుమ్మం ముందున్న కోర్సు మాత్రం పబ్లిక్. మామూలు ఆదివారాల్లో ఆట బంద్, జనం షికారుకొస్తారు.

సభ్యులు తక్కువైతేనే నేల బాగుంటుందని క్లబ్బులవాళ్లు అంటారు. న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన పబ్లిక్ కోర్సు బెత్‌పేజ్ బ్లాక్‌లో 2002లో పెద్ద గోల్ఫ్ టోర్నమెంట్ యూఎస్ ఓపెన్ జరిగాక ఆ మాటకు బలం తగ్గింది.

ఇప్పుడు గొడవ ఫీజు మీదికి మళ్లింది. అమెరికాలోని పెబుల్ బీచ్ కోర్సు ఎవరికైనా తెరిచే ఉంటుంది, కానీ ఒక్క ఆటకు 600 డాలర్లు దాటుతోంది. ఓల్డ్ కోర్సులో సీజన్‌లో బయటివాళ్లకు 300 పౌండ్ల పైమాటే, అదీ లాటరీలో పేరు వస్తే. ఊరివాళ్లు మాత్రం ఏడాది టికెట్‌తో చవగ్గా ఆడుకుంటారు. 1894లో కొట్లాడింది వాళ్ల పెద్దలే కదా.