కారు కింద కారే ఎర్ర నూనె: అపోహలు, వాస్తవాలు

మా షెడ్డుకు వచ్చేవి ఎక్కువగా 1960, 70ల నాటి అమెరికన్ బళ్లు, అడపాదడపా పాత మెర్సిడెస్‌లు. వీటి పవర్ స్టీరింగ్‌లో స్టీరింగ్ తేలిగ్గా తిరగడానికి పంపు ఒత్తిడితో తోసే నూనె ఎర్రగా ఉంటుంది. స్టీరింగ్ బాక్స్ అంటే స్టీరింగ్ తిప్పుడును చక్రాల వైపు పంపే గేర్ల పెట్టె; సీల్ అంటే నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు. "కింద ఎర్రగా మరక పడుతోంది, స్టీరింగ్ బాక్స్ సీల్ మార్చేయండి" అని ఓనర్లే రోగం, మందు రెండూ చెప్పేస్తారు.

అపోహ: డ్రాప్ ఆర్మ్ (బాక్స్ కింద బిగించి, చక్రాల లింకేజీని కదిపే చేయి) దగ్గర తడి ఉంటే కారేది బాక్సే.
నూనె ఎక్కడ కారినా పల్లానికే చేరుతుంది. ఇంజిన్ గదిలో ఆ పల్లం చాలాసార్లు డ్రాప్ ఆర్మే. పంపు, రిజర్వాయర్ మూత, ప్రెషర్ హోస్, రిటర్న్ హోస్ క్లిప్పు, వీటిలో ఏది కారినా నింద బాక్స్ మీద పడుతుంది. కొత్తలో నేనూ ఓ బండి బాక్స్ దించి, సీళ్లన్నీ మార్చి ఎక్కించాక చూస్తే వదులైంది రిటర్న్ హోస్ క్లిప్పు! అప్పటి నుంచి ముందు శుభ్రంగా కడిగి, ఆరాక కాస్త టాల్కం పౌడర్ చల్లుతున్నాను. ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఒకరు స్టీరింగ్ తిప్పుతుంటే తడి ఎక్కడ మొదలైందో పౌడరే చూపిస్తుంది.

అన్నట్టు, 60ల నాటి ఫోర్డ్ ముస్టాంగ్‌లో పవర్ స్టీరింగ్ ఉన్నా బాక్స్ మామూలు మాన్యువల్‌దే. హైడ్రాలిక్ బలం కింద లింకేజీకి బిగించిన కంట్రోల్ వాల్వు, సిలిండర్ నుంచి వస్తుంది. ఎర్ర నూనె కారితే అక్కడ వెతకాలి.

అపోహ: లీక్ ఆపే డబ్బా పోస్తే చాలు.
ఆ మందు రబ్బరును ఉబ్బిస్తుంది. వయసుకు గట్టిపడిన సీల్ అయితే కొన్నాళ్లు ఆగుతుంది. అంచు అరిగిపోయినదాన్ని ఏ డబ్బా బాగుచేయలేదు.

అపోహ: బ్రేక్ ఆయిల్ పోసినా నడుస్తుంది.
వద్దు, వద్దే వద్దు. మామూలు బ్రేక్ ఆయిల్ గ్లైకాల్‌తో చేసింది. పవర్ స్టీరింగ్‌లో వాడే నైట్రైల్ రబ్బరు దానికి ఉబ్బి మెత్తబడిపోతుంది. ఇక పంపు, హోసులు, బాక్స్ అన్నీ విప్పి కడగాల్సిందే.

అపోహ: కొత్త సీల్ వేస్తే మళ్లీ కారదు.
నాతో ఎక్కువ వాదన పెట్టుకునేది ఈ మాట మీదే. జనరల్ మోటార్స్ బళ్లలో కనబడే సాగినా (Saginaw) రకం బాక్స్‌నే తీసుకోండి. కింద సెక్టార్ షాఫ్ట్‌కు (డ్రాప్ ఆర్మ్‌ను తిప్పే ఇరుసు) రెండు సీళ్లు, వాటి వెనక వాషర్లు, చివర సర్క్లిప్ (వాటిని పట్టి ఉంచే స్ప్రింగు రింగు) ఉంటాయి. స్టీరింగ్ ఎడమకు తిప్పినప్పుడు పంపు ప్రెషర్ ఆ షాఫ్ట్ ఉన్న గదిలోకే వస్తుంది. అందుకే సర్క్లిప్ తీసి, ఇంజిన్ స్టార్ట్ చేసి, ఒక్క క్షణం పూర్తిగా ఎడమకు తిప్పితే పాత సీళ్లు వాటంతటవే బయటికి వస్తాయి. కింద బేసిన్ పెట్టడం మరిచిపోతే నేలంతా నూనే.

సీల్ బయటికొచ్చాక అసలు పరీక్ష. షాఫ్ట్‌ను పక్కకు ఊపి చూడండి. ఊగుతుంటే లోపలి నీడిల్ బేరింగ్ అరిగినట్టు. ఊగే షాఫ్ట్‌ను ఏ సీలూ పట్టి ఉంచలేదు. తర్వాత సీల్ ఆనే చోట గోరుతో గీయండి. గోరు ఎక్కడైనా తగిలి ఆగితే తుప్పు గుంటలున్నట్టే; కొత్త సీల్ అంచును అవి గీరేస్తాయి. సన్నటి స్లీవ్ (లోహపు తొడుగు) తొడగాలి, లేదా షాఫ్ట్ మార్చాలి. సీల్ ఎక్కించేటప్పుడు స్ప్లైన్ల (షాఫ్ట్ చివర ఉండే గాడులు) మీద టేపు చుట్టకపోతే వాటి పళ్లే కొత్త అంచును కోసేస్తాయి. ఈ ఒక్క పొరపాటుతో వారంలోనే మళ్లీ కారడం మొదలైన బళ్లు చాలా చూశాను.

డ్రాప్ ఆర్మ్‌ను సుత్తితో కొట్టి ఊడదీసేవాళ్లకు ఒక మాట: ఆ దెబ్బ నేరుగా లోపలి పళ్లకు, బేరింగులకు తగులుతుంది. పుల్లర్ (ఆర్మ్‌ను లాగి ఊడదీసే పనిముట్టు) కొనుక్కోండి.

అపోహ: ప్లే (స్టీరింగ్ కొంత తిప్పినా చక్రాలు కదలకపోవడం) ఉంటే బాక్స్ పైన స్క్రూ బిగిస్తే పోతుంది.
ముందు బాక్స్‌కూ చక్రాలకూ మధ్య లింకేజీలోని టై రాడ్ ఎండ్లు, ఐడ్లర్ ఆర్మ్ చూడండి. తప్పు చాలాసార్లు అక్కడే ఉంటుంది. ఆ స్క్రూను చక్రాలు నిటారుగా ఉన్న స్థితిలో, కొలత ప్రకారమే తిప్పాలి. అతిగా బిగిస్తే మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటది నిటారుకు రాదు, పళ్లూ అరుగుతాయి.

అపోహ: నూనె నింపి స్టార్ట్ చేస్తే పని అయిపోయినట్టే.
గాలి పోవాలి. ముందు చక్రాలు జాకీ మీద లేపి, ఇంజిన్ ఆపే ఉంచి, స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు ఇరవైసార్లు తిప్పుతాను, మధ్యమధ్యలో నూనె కలుపుతూ. నురగ ఆగాకే స్టార్ట్. ఆ రాత్రి బండి కింద అట్టపెట్టె ముక్క పరుస్తాను. పొద్దున అది పొడిగా ఉంటేనే ఓనర్‌కు ఫోన్.