న్యూస్‌లో నాలుగు దిక్కులు లేవు

స్పోకెన్ ఇంగ్లిష్ కొత్త బ్యాచ్ మొదలైన ప్రతిసారీ ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు. "సార్, న్యూస్ అంటే నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్ కదా!" వాట్సాప్‌లో తిరిగే ముచ్చట ఇది. శుద్ధ అబద్ధం. 15వ శతాబ్దం నాటికే ఈ మాట ఇంగ్లిష్‌లో ఉంది. 'న్యూ'కి ఎస్ చేర్చి 'కొత్త సంగతులు' అనే అర్థంలో వాడారు, ఫ్రెంచివాళ్ల 'నూవెల్' లాగే. అప్పట్లో ఎన్-ఈ-డబ్ల్యూ-ఈ-ఎస్ అని కూడా రాసేవారు. మరి ఆ రెండో 'ఈ' ఏ దిక్కో!

సరే, దీన్ని నమ్మినా పోయేదేమీ లేదు. మార్కులు పోయేది వేరేచోట. చివర ఎస్ కనిపించగానే బహువచనం అనుకుని 'ద న్యూస్ ఆర్ గుడ్' అని రాసేస్తారు. షేక్‌స్పియర్ రోజుల్లో 'దీజ్ న్యూస్' అన్నా చెల్లింది. ఇప్పుడు చెల్లదు, 'ద న్యూస్ ఈజ్' అనే రాయాలి. ఏకవచనం అని చెప్పానో లేదో, 'ఐ హావ్ ఎ గుడ్ న్యూస్' మొదలు! తెలుగులో 'ఒక గుడ్ న్యూస్' అంటాం కదా, అదే అలవాటు. తెలుగులో ఇబ్బంది లేదు, ఇంగ్లిష్‌లో మాత్రం ఆ 'ఎ' తీసేయండి. లెక్కపెట్టాల్సి వస్తే 'ఎ పీస్ ఆఫ్ న్యూస్', 'టూ న్యూస్ ఐటమ్స్'. బ్యాంకు పరీక్షకైనా, ఎస్సెస్సీకైనా వ్యాకరణం చదివేవాళ్లు ముందు ఇది సరిచేసుకోండి. దిక్కుల సంగతి తర్వాత.

ఇక ఉచ్చారణ. మాక్ ఇంటర్వ్యూలో ఒకమ్మాయి బాగా మాట్లాడుతూ ఈ మాట దగ్గరే ఆగిపోయింది. అమెరికా నుంచి వచ్చిన బావ 'న్యూ కాదు, నూ' అని నవ్వాడట, అప్పట్నుంచి టెన్షన్. అమెరికాలో ఎక్కువమంది 'నూజ్' అంటారు, బ్రిటన్‌లో 'న్యూజ్' అంటారు. రెండూ సరైనవే తల్లీ అన్నాను. చూసుకోవాల్సింది చివరి ధ్వనిని. గొంతు మీద వేలు పెట్టి 'స్‌స్‌స్' అనండి, ఏమీ తెలియదు. నాలుక కదపకుండా తుమ్మెదలా ఝుమ్మనిపించండి, వేలికి అదురు తగులుతుంది. అదే జెడ్. మన 'జడ'లోని జ గానీ, 'జీతం'లోని జ గానీ అది కాదు.

న్యూస్‌పేపర్ అనేటప్పుడు మాత్రం, పక్కన 'ప' ఉండటం వల్ల ఇంగ్లిష్ వాళ్లలోనే చాలామంది 'స్' అనేస్తారు. అక్కడ మిమ్మల్ని ఎవరైనా దిద్దబోతే పట్టించుకోకండి.