గోడలు అచ్చవుతున్నాయి, స్లాబు మాత్రం ఇంకా మేస్త్రీదే

సిద్దిపేట జిల్లా బూరుగుపల్లిలో 2023లో ఒక గుడి లేచింది. మూడు గర్భాలయాలు. వినాయకుడిది మోదకం ఆకారం, శివుడిది చతురస్రం, పార్వతీదేవిది పద్మం. వీటిని తాపీ పట్టినవాళ్లు కట్టలేదు. రోబో చెయ్యికి తగిలించిన గొట్టంలోంచి కాంక్రీటు వరస మీద వరసగా జారుతుంటే పైకి లేచాయి. హైదరాబాద్‌కు చెందిన అప్సుజా ఇన్‌ఫ్రాటెక్, సింప్లిఫోర్జ్ క్రియేషన్స్ కలిసి చేసిన పని ఇది. ప్రపంచంలోనే మొదటి త్రీడీ ప్రింటెడ్ గుడి అని పేపర్లు గొప్పగా రాశాయి. స్తంభాలు, స్లాబు, ఫ్లోరింగ్ మాత్రం మామూలు పద్ధతిలోనే జరిగాయన్న ముక్క ఆ హడావుడిలో వెనకబడిపోయింది. నన్నడిగితే అసలు సంగతంతా ఆ ముక్కలోనే ఉంది.

యంత్రం చేత ఇల్లు కట్టించాలన్న ఆశకు వందేళ్లు దాటాయి. దాదాపు ప్రతిసారీ ఏదో ఒక చోట తిప్పలు ఎదురయ్యాయి.

థామస్ ఎడిసన్‌కు ఒక సిమెంటు కంపెనీ ఉండేదని మనలో చాలామందికి తెలియదు. చేతిలో బోలెడు సిమెంటు ఉన్న మనిషికి ఇల్లంతా దానితోనే పోతపోయాలన్న ఆలోచన రావడంలో వింతేముంది? 1908లో పేటెంటుకు దరఖాస్తు పెట్టుకున్నాడు, 1917లో చేతికొచ్చింది. ఇంటి ఆకారంలో పోత ఇనుప అచ్చులు బిగించి, పైనుంచి జారుగా ఉన్న కాంక్రీటు పోస్తే గోడలు, అంతస్తులు, మెట్లు, కప్పు అన్నీ ఏకశిలలా దిగాలి. కాంక్రీటు ఫర్నిచర్ కూడా చేస్తానన్నాడు కానీ, దాన్ని ఇంట్లో పెట్టుకోవడానికి జనం ఎగబడలేదు. న్యూజెర్సీలోని యూనియన్ పట్టణంలో ఇలా 11 ఇళ్లు కట్టారు. చుట్టుపక్కల మరికొన్ని లేచాయి. ఆ తర్వాత ఈ పద్ధతి మూలపడింది. కారణం కాంక్రీటు కాదు, అచ్చు. ఒక్కో ఇంటి అచ్చుకు రెండు వేలకు పైగా ఇనుప ముక్కలు కావాలి. అంత పెట్టుబడి పెట్టిన బిల్డర్ అదే ఇంటిని వందలసార్లు కడితే తప్ప గిట్టుబాటు కాదు.

ఎడిసన్ తర్వాత అమెరికాలోనే ఇండియానా రాష్ట్రంలో విలియం అర్షెల్ అచ్చు లేకుండానే గోడ పెట్టే యంత్రం చేశాడు. అది మధ్యలో ఉన్న గుంజ చుట్టూ తిరుగుతూ, కాంక్రీటును వరసలుగా పేర్చి గుండ్రటి గోడ లేపేది. దీనికి పేటెంటు వచ్చింది 1944లో. ఒక్క కంప్యూటర్ తప్ప ఇవాళ్టి ప్రింటర్ చేసే పనంతా అందులో ఉంది.

మన దేశం ఈ దారిలో తొందరగానే ఒక దెబ్బ తింది. విభజన తర్వాత ఢిల్లీకి తరలివచ్చిన శరణార్థుల కోసం నెహ్రూ ప్రభుత్వం ఇళ్ల ఫ్యాక్టరీ పెట్టింది. జర్మనీ వదిలొచ్చి మైసూరు సంస్థానంలో పనిచేసిన ఆర్కిటెక్ట్ ఆటో కోనిగ్స్‌బర్గర్ అప్పుడు కేంద్రంలో గృహనిర్మాణ డైరెక్టర్. గోడ పలకలను ఫ్యాక్టరీలో పోసి, లారీల్లో తెచ్చి నిలబెట్టాలన్నది పథకం. పలకలు పగుళ్లిచ్చాయి, పథకం అభాసుపాలైంది, ఆయన 1951లో లండన్ వెళ్లిపోయాడు. ఫ్యాక్టరీ మాత్రం బతికింది. తర్వాత హిందుస్థాన్ ప్రీఫాబ్ లిమిటెడ్ అయింది అదే.

ఇప్పుడు మనం చూస్తున్న ప్రింటింగ్‌కు మూలం కాలిఫోర్నియాలో ఉంది. 1994లో నార్త్‌రిడ్జ్ భూకంపం వచ్చినప్పుడు బెహ్రోఖ్ ఖోష్‌నెవిస్ అనే ఇరాన్ సంతతి ప్రొఫెసర్ తన ఇంటి గోడ పగుళ్లను తాపీతో పూడ్చుకున్నాడు. తాపీ ఒక్క ఈడ్పుతో ఎంత నున్నటి తలం ఇస్తుందో అప్పుడు గమనించాడు. కాంక్రీటు దిగే గొట్టం పక్కనే చిన్న తాపీ రేకు బిగిస్తే వరస పడుతుండగానే అంచు చదునవుతుంది. దీనికి ఆయన పెట్టిన పేరు కాంటూర్ క్రాఫ్టింగ్. మేస్త్రీని పక్కన పెట్టాలనుకున్న యంత్రం మేస్త్రీ పనిముట్టునే అరువు తెచ్చుకుందన్నమాట.

అక్కణ్నుంచి వేగం పెరిగింది. 2016లో దుబాయ్‌లో ప్రింటెడ్ ఆఫీసు తెరిచారు. 2021లో ఐఐటీ మద్రాస్ ఆవరణలో త్వస్త సంస్థ 600 చదరపు అడుగుల ఇల్లు చూపించింది. 2023లో బెంగళూరులో ఎల్ అండ్ టీ 1,021 చదరపు అడుగుల పోస్టాఫీసును 43 రోజుల్లో ముగించింది. టెక్సస్‌లో ఐకాన్ కంపెనీ వంద ఇళ్ల కాలనీకే గోడలు ప్రింట్ చేసింది. అయితే అవేమీ చవక ఇళ్లు కావు, ధర నాలుగున్నర లక్షల డాలర్ల నుంచి మొదలైంది.

ఎందుకు చవక కాలేదో సైటుకు వెళ్తే అర్థమవుతుంది. ఈ కాంక్రీటు జంతికల పిండి లాంటిది. గొట్టంలో జారాలి, బయటపడ్డాక నిలబడాలి. పెద్ద కంకర వేస్తే గొట్టం పూడుకుంటుంది, అందుకని కంకర తగ్గించి సిమెంటు పెంచుతారు. ఒక వరసకూ మరో వరసకూ మధ్య ఆలస్యమైతే రెండూ సరిగ్గా అతుక్కోవు. మన మే నెల ఎండలో పై పొర ఎంత తొందరగా ఆరిపోతుందో చెప్పక్కర్లేదు. నిలువు ఊచలను గొట్టం పెట్టలేదు. పునాది, స్లాబు, వైరింగ్, పైపులు, తలుపులు, రంగులు ఎలాగూ బయటే ఉన్నాయి. ఇంటి ఖర్చులో గోడ వాటా ఎంతని, అది ఆదా అయితే మొత్తం బడ్జెట్ సగానికి దిగడానికి?

ఈలోగా గెలిచింది ఎవరంటే, ఎడిసనే. మన బిల్డర్లు మైవాన్ అని పిలిచే షట్టరింగ్, అంటే కాంక్రీటు పోసే అచ్చు, చూడండి. మలేసియాలో ఈ పనికి దిగిన కంపెనీ పేరే దానికి స్థిరపడింది. ఇనుము బదులు మనిషి మోయగలిగే అల్యూమినియం పలకలు. గోడలూ స్లాబూ ఒకేసారి పోత. ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ పేదల కోసం ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టిన ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగుల కొలతల్లో వేలకువేలు ఇలాగే లేచాయి. హైదరాబాద్ టవర్లలోనూ ఇదే. ఎడిసన్‌కు దొరకనిది ఇక్కడ దొరికింది: ఒకే ప్లానును వందలసార్లు కట్టే ఆర్డరు. 2021లో కేంద్రం ఆరు నగరాల్లో కొత్త పద్ధతులతో లైట్‌హౌస్ ప్రాజెక్టులనే నమూనా ఇళ్లు మొదలుపెట్టినప్పుడు కూడా ప్రీకాస్ట్ (ముందే పోసి తెచ్చే ముక్కలు), టన్నెల్ షట్టరింగ్, ఉక్కు ఫ్రేముల్లాంటి వాటికే చోటు దక్కింది. ప్రింటర్ ఆ ఆరింటిలో లేదు.

కాబట్టి ప్రింటర్ పేదల ఇంటి సమస్య తీరుస్తుందన్న మాటను నేను పెద్దగా నమ్మను. దాని బలం వేరే చోట ఉంది. సెంట్రింగ్ చేసేవాడికి, అంటే కాంక్రీటుకు చెక్క అచ్చు కట్టేవాడికి, వంపు అంటే ప్రాణసంకటం, వంపు తిరిగిన ప్రతి చోటా కొత్త చెక్క కొయ్యాలి. గొట్టానికి తిన్నటి గీత ఎంతో వంపూ దాదాపు అంతే. బూరుగుపల్లి మోదకాన్ని షట్టరింగ్‌తో పోయాలంటే అయ్యే తంతు ఊహించుకోండి. ఒక్కసారే కట్టే ఆకారం, అచ్చు చేయిస్తే దండగ అనిపించే పని: గుడి, బస్ షెల్టర్, పార్కులో వంతెన. ముందుగా ఇలాంటి వాటిలోనే ఆర్కిటెక్టులకు స్వేచ్ఛ దొరుకుతుంది.

ఇళ్ల విషయంలో ఇంకో చిక్కుంది. మన ఊళ్లలో ఏ మిద్దె ఎక్కినా మూలల్లో స్తంభాల ఊచలు పైకి పొడుచుకుని కనిపిస్తాయి. తుప్పు పట్టకుండా కొందరు సిమెంటు పాలు పూసి ఉంచుతారు. కొడుకు పెళ్లికో, అద్దెకిచ్చుకోవడానికో ఎప్పుడో ఒకప్పుడు పైన వాటా వేస్తారు. కింద గోడ పగలగొట్టి షాపు షట్టర్ పెడతారు. గోడలే బరువు మోసే మైవాన్ ఇంట్లో ఇది కుదరదు, ప్రింటెడ్ గోడ మీదే బరువు వేసినా అంతే.

దీనికి ఇంజనీర్లు వాడుతున్న ఉపాయం ఒకటుంది. ప్రింటెడ్ గోడను లోపల బోలుగా ఉంచుతారు. ఆ ఖాళీలో అవసరమైన చోట ఊచలు దించి, మామూలు కాంక్రీటు పోసి స్తంభం చేస్తారు. బరువు స్తంభం మోస్తుంది, గోడ విప్పక్కర్లేని షట్టరింగ్‌గా మిగిలిపోతుంది. అప్పుడు ఊచలు పైకి వదిలి ఉంచడానికీ అడ్డులేదు. ఈ లెక్కన ముందుగా పని పోయేది సెంట్రింగ్ చెక్క కొట్టేవాడికి. ఊచలు కట్టేవాడు, స్లాబు పోసే ముఠా ఇంకా చాలాకాలం సైటులోనే ఉంటారు.