ప్రిజర్వేటివ్ వేశాం కదా, మళ్లీ ఛాలెంజ్ టెస్ట్ ఎందుకు?

అపోహ: టోటల్ కౌంట్ (మొత్తం సూక్ష్మజీవుల లెక్క) రిపోర్టు శుభ్రంగా వచ్చింది, ఇక క్రీముకు ఢోకా లేదు.

వాస్తవం: ఆ రిపోర్టు ఆ రోజు ఆ శాంపిల్ సంగతే చెబుతుంది. రేపు తడి వేళ్లు డబ్బాలో పెడితే ఏమవుతుందో చెప్పేది ఛాలెంజ్ టెస్ట్. ఐఎస్‌ఓ 11930 అనే అంతర్జాతీయ ప్రమాణ పద్ధతిలో బ్యాక్టీరియా అయిన స్టాఫిలోకాకస్ ఆరియస్, సూడోమోనాస్ ఏరుజినోసా, ఈ.కోలై, ఈస్ట్ అయిన కాండిడా ఆల్బికాన్స్, బూజు అయిన ఆస్పర్‌జిల్లస్ బ్రెజిలియెన్సిస్‌లను విడివిడి డబ్బాల్లో కావాలనే కలుపుతాం. బ్యాక్టీరియా అయితే గ్రాముకు లక్ష నుంచి 10 లక్షలు. కాండిడా, బూజు అయితే 10 వేల నుంచి లక్ష. కలిపే ద్రవం 1 శాతం దాటకూడదు, దాటితే ఫార్ములానే పలచబడుతుంది. 7, 14, 28 రోజులకు లెక్కిస్తాం.

ఇందులో కఠినమైన ‘ఎ’ ప్రమాణం అందాలంటే బ్యాక్టీరియా 7వ రోజుకే 3 లాగ్ తగ్గాలి (1 లాగ్ అంటే పదో వంతుకు పడిపోవడం). అంటే 10 లక్షలు వెయ్యికి దిగాలి, ఆ తర్వాత పెరగకూడదు. కాండిడాకు 7వ రోజుకు 1 లాగ్ చాలు. బూజు బీజాలు మొండివి కాబట్టి 1 లాగ్‌కు 28 రోజుల గడువు. వారానికే టెస్ట్ ఆపేసి ‘పాస్’ అనేవాళ్లు బూజు సంగతి చూడనట్టే.

అపోహ: ల్యాబ్ ప్లేటు మీద కాలనీ (పెరిగిన సూక్ష్మజీవుల గుంపు) లేదంటే అన్నీ చచ్చాయి.

వాస్తవం: శాంపిల్‌తో పాటు ప్రిజర్వేటివ్ కూడా ప్లేటులోకి వస్తుంది. బతికున్నవాటిని అక్కడా ఎదగనివ్వదు. అందుకే లెసిథిన్, పాలీసార్బేట్ 80 ఉన్న, ప్రిజర్వేటివ్‌ను నిర్వీర్యం చేసే న్యూట్రలైజర్‌లో ముందు కలపాలి, అది మీ ఉత్పత్తికి నిజంగా పనిచేస్తోందో విడిగా రుజువు చేయాలి. ఆ రుజువు జతచేయని సున్నాను నమ్మలేం.

విచిత్రమేమిటంటే, ఇదే పాలీసార్బేట్‌ను కొందరు ఫార్ములాలో ధారాళంగా పోస్తారు. అది డబ్బాలోనే పారాబెన్లనే ప్రిజర్వేటివ్‌లను పట్టేసుకుని పనిచేయనివ్వదు.

అపోహ: సోడియం బెంజోయేట్ అనే ప్రిజర్వేటివ్ మోతాదు సరిపోతే చాలు.

వాస్తవం: పనిచేసేది దాని నుంచి ఏర్పడే, అయాన్లుగా విడిపోని బెంజోయిక్ ఆమ్లమే. పీహెచ్ 4.2 దగ్గర అది సగం ఉంటుంది, 5.2కు 9 శాతం, 6.2కు కేవలం 1 శాతం. పీహెచ్ 6 దాటిన క్రీములో ఫెయిలైతే మోతాదు పెంచే ముందు పీహెచ్ మీటరు చూడండి.

అపోహ: విటమిన్ ఇ వేశాం, అదే కాపాడుతుంది.

వాస్తవం: అది నూనె కంపు కొట్టకుండా ఆపుతుంది. సూక్ష్మజీవులకు దానితో పట్టింపు లేదు.

అపోహ: ప్రతి ఉత్పత్తికీ ఈ టెస్ట్ తప్పదు.

వాస్తవం: నీరు లేని లిప్ బామ్‌కు, ఆల్కహాల్ 20 శాతం మించిన పెర్ఫ్యూమ్‌కు సాధారణంగా అక్కర్లేదు. నీళ్లు చిందే బాత్‌రూమ్‌లో మూత తీసి వాడే బాడీ స్క్రబ్‌ను మాత్రం, నూనెతో చేసినదైనా, ఆ జాబితాలో వేయకండి.