మెగ్నీషియం పూత, పసుపు కాగితం: పిల్లలకు ఉత్తరం

హైదరాబాదు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

అల్యూమినియం తుప్పు పట్టదు కదా, మరి విమానం రెక్కకి రంగు కింద ఇంకో పూత ఎందుకు అని అడిగారు. ఆ ‘కదా’ దగ్గరే ఉంది చిక్కంతా.

వంటింటి గిన్నెల్లో ఉండేది దాదాపు స్వచ్ఛమైన అల్యూమినియం. గాలి తగలగానే దాని మీద పల్చటి ఆక్సైడ్ పొర కమ్ముకుంటుంది, అదే దానికి కాపలా. కానీ రెక్కకి ఆ లోహం మరీ మెత్తన. అందుకే బలం కోసం రాగి కలుపుతారు. విమానాల్లో బాగా వాడే ‘2024’ అనే నంబరు మిశ్రమలోహంలో నూటికి 3.8 నుంచి 4.9 పాళ్లు రాగే. బలం వచ్చింది, దాంతోపాటే తంటా వచ్చింది. ఆ రాగి అంతటా సమంగా కరిగి ఉండదు, కొంత అక్కడక్కడా సూక్ష్మమైన గింజల్లో పేరుకుంటుంది. ఉప్పు తడి తగిలిందంటే ప్రతి గింజ దగ్గరా ఒక బుల్లి బ్యాటరీ మొదలైనట్టే. రాగి నిక్షేపంగా ఉంటుంది, పక్కనున్న అల్యూమినియం కరిగిపోతుంది. పైకి తెల్లటి పొడి చుక్క కనిపిస్తుంది, గీకి చూస్తే కింద గుంట.

రెండు లోహాలు తడిలో కలిస్తే ఏది కరుగుతుందో ముందే చెప్పొచ్చు. ఉప్పునీళ్లలో వోల్టేజీ కొలిస్తే, ప్రయోగశాలల్లో పోలిక కోసం వాడే కాలొమెల్ ఎలక్ట్రోడ్ లెక్కన, రాగి సుమారు −0.3, అల్యూమినియం −0.75, జింకు −1.0, మెగ్నీషియం −1.6 వోల్టుల దగ్గర ఉంటాయి. ఎక్కువ మైనస్‌లో ఉన్నదే ముందు కరుగుతుంది, రెండోదాన్ని బతికిస్తుంది. మన బోరు నీళ్ల గీజర్‌లో మెకానిక్ మార్చే మెగ్నీషియం రాడ్డు చేసే పని ఇదే. ఇనప ట్యాంకు బదులు తాను కరిగిపోతుంది.

రెక్కంతా రాడ్లు వేలాడదీయలేం కాబట్టి మెగ్నీషియాన్ని పొడి చేసి ఎపాక్సీ అనే జిగురులో కలిపి ప్రైమర్‌లా, అంటే రంగు కింది పూతలా కొడతారు. దీన్ని 2000ల మొదట్లో అమెరికాలోని నార్త్ డకోటా స్టేట్ యూనివర్సిటీలో అభివృద్ధి చేశారు. అంతకుముందు దశాబ్దాలుగా వాడిన క్రోమేట్ ప్రైమర్ పనితనంలో గొప్పదే, కానీ అందులోని ఆరు వేలెన్సీ క్రోమియం క్యాన్సర్ తెస్తుంది. రంగు కొట్టేవాళ్ల ఊపిరితిత్తుల గురించి ఆలోచించాకే ఈ వెతుకులాట మొదలైంది.

ఇందులో అసలు కిటుకు పొడి ఎంత మోతాదులో ఉందన్నదే. ఎండిన పూతలో దాదాపు సగం, అంటే ఘనపరిమాణంలో నూటికి 40–50 పాళ్లు మెగ్నీషియం ఉండాలి. తగ్గితే రేణువులు ఒకదానికొకటి తగలవు. తగలకపోతే కరెంటు పారదు, పూత ఉత్త రంగే. పెరిగితే జిగురు చాలక పూత పెళుసైపోతుంది, సందుల్లోంచి నీళ్లు దిగుతాయి. లెక్క కట్టి చూడండి: 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పూత, 45 పాళ్ల పొడి అనుకుంటే చదరపు మీటరుకి 13.5 ఘన సెంటీమీటర్లు. మెగ్నీషియం సాంద్రత 1.74 కాబట్టి 23 గ్రాములకు కాస్త పైన. ఆ చిన్న గుప్పెడే అంత రేకుకి కాపలా.

కొట్టే ముందు రేకు మీద జిడ్డు తీయాలి, తర్వాత నైలాన్ ప్యాడ్‌తో రుద్దాలి. స్టీల్ ఉన్ని, ఇనప బ్రష్ మాత్రం ముట్టుకోకూడదు. వాటి తునకలు రేకులో గుచ్చుకుని కొత్త బ్యాటరీలు పెడతాయి. శుభ్రమైందో లేదో నీళ్లే చెబుతాయి. పోసిన నీళ్లు అర నిమిషం తెగని పొరలా నిలిస్తే సరే, చుక్కలు చుక్కలుగా విడిపోతే జిడ్డు ఇంకా ఉన్నట్టే. మందపాటి యానోడైజింగ్, అంటే కరెంటుతో కావాలని పెంచిన ఆక్సైడ్ పొర, ఉన్న రేకు మీద ఈ ప్రైమర్ సరిగా పనిచేయదు. ఆ పొర కరెంటుని అడ్డుకుంటుంది. డబ్బాలో పొడి అడుక్కి దిగిపోతుంది కాబట్టి కొడుతున్నంతసేపూ కలుపుతుండాలి. దీని మీద పాలీయురెథేన్ పైరంగు తప్పనిసరి. లేకపోతే వాన నీటికే మెగ్నీషియం వృథాగా అయిపోతుంది.

ఇక ఎక్కడ బెడిసికొడుతుందో చెప్తాను. నాకు ఇందులో అన్నిటికంటే ఆసక్తి ఇక్కడే. మెగ్నీషియం నీటితో కలిస్తే హైడ్రోజన్ బుడగలు వస్తాయి, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ పుట్టి నీరు క్షారమవుతుంది, పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే కొలత, 7 దాటితే క్షారం) 10 దాటగలదు. అల్యూమినియానికి ఆమ్లమూ పడదు, క్షారమూ పడదు. పీహెచ్ 9 దగ్గర్నుంచీ దాని ఆక్సైడ్ పొర కరగడం మొదలవుతుంది. అంటే కాపాడటానికి పెట్టిందే మోతాదు మించితే తినేస్తుంది. ఆరుబయట గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఆ హైడ్రాక్సైడ్‌ని కార్బొనేట్‌గా మార్చి ఘాటు తగ్గిస్తుంది. ఉప్పు నీరు నిరంతరం చిమ్మే పరీక్ష పెట్టెలో మాత్రం తడి ఆరదు, పూత బొబ్బలెక్కుతుంది. అందుకే ఈ ప్రైమర్‌కి పెట్టెలో వచ్చిన మార్కులు ఆరుబయట వచ్చేవాటికంటే తక్కువ. పెట్టె ఫలితం ఒక్కటీ చూసి దీన్ని పక్కన పడేయడం నా దృష్టిలో తొందరపాటు.

ఇదంతా మీరే చూడొచ్చు. కోఠి గుజరాతీ గల్లీలో ఒక చవక మల్టీమీటర్ కొనండి. టీచర్‌ని అడిగి ల్యాబు నుంచి రెండంగుళాల మెగ్నీషియం రిబ్బన్ తెచ్చుకోండి. లీటరు నీటికి 35 గ్రాముల ఉప్పు కలిపి మూడు గాజు గ్లాసుల్లో పోయండి. మొదటి దాంట్లో వంటింటి ఫాయిల్ ముక్క ఒక్కటే వేయండి. రెండోదాంట్లో ఫాయిల్‌నీ గీకిన రాగి తీగనీ నీటి పైన క్లిప్పుతో కలపండి. మూడోదాంట్లో ఆ రెండిటికీ రిబ్బన్ కూడా జత చేయండి. కలిపే ముందు జంటజంటగా వోల్టేజీ కొలిచి రాసుకోండి. మూడు రోజులు రోజుకోసారి ఫాయిల్‌ని దీపానికి ఎదురుగా పట్టి, బెజ్జాలు ఏ గ్లాసులో ముందు పడ్డాయో చూడండి.

పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన కాగితం ముక్కని మూడో గ్లాసులో రిబ్బన్ పక్కన తాకించండి. ఎర్రబడితే క్షారం పుట్టినట్టు. అక్కడి ఫాయిల్ నల్లబడిందేమో కూడా గమనించండి. బుడగలు హైడ్రోజన్‌వి, దగ్గర్లో అగ్గిపుల్ల గీయొద్దు. రిబ్బన్‌ని ఆకురాయితో అరగదీసి పొడి చేయొద్దు. ఆ పొడి అంటుకుంటే నీళ్లతో ఆరదు, ఇంకా మండుతుంది, పొడి ఇసుకే వేయాలి.

మూడు గ్లాసుల అంకెలూ రాసి పంపండి. రెండో గ్లాసులో మూడు రోజులకీ బెజ్జం పడకపోతే, తీగ మీద వార్నిష్ సరిగా గీకారో లేదో ముందు చూసుకోండి.

మీ తాతయ్య