శబ్దసామ్యం బంధుత్వానికి రుజువు కాదు: గ్రీకు, లాటిన్ అధ్యయనంపై కొన్ని అపోహలు

గ్రీకు, లాటిన్ నేర్పేవారి ముందుకు వచ్చే సందేహాల్లో ఎక్కువ భాగం మాటల పుట్టుకకు సంబంధించినవే కనుక వాటితోనే మొదలుపెడతాను.

అపోహ: అర్థమూ ధ్వనీ దగ్గరగా ఉన్న మాటలన్నీ ఒకే మూలం నుంచి వచ్చాయి.

వాస్తవం: దేవుణ్ణి గ్రీకులో ‘థెయోస్’ అనీ, లాటిన్‌లో ‘దేయుస్’ అనీ అంటారు. చూడగానే కవలల్లా తోచే ఈ రెండింటికీ సంబంధం లేదు. ‘దేయుస్’కు నిజమైన బంధువు సంస్కృతంలోని ‘దేవ’. సంస్కృత ‘దశ’కు లాటిన్‌లో ‘దెకెమ్’, గ్రీకులో ‘దెక’ ఉన్నట్లే, పదం మొదట్లోని ‘ద’కారం మూడు భాషల్లోనూ చెక్కుచెదరకుండా నిలుస్తుంది. గ్రీకులో పదాది ‘థ’కారం ఉన్నచోట మాత్రం సాధారణంగా సంస్కృతంలో ‘ధ’కారం, లాటిన్‌లో ‘ఫ’కారం కనిపిస్తాయి: థుమోస్, ధూమ, ఫూముస్. ఇలాంటి నియమానికి లొంగని పోలిక ఎంత ముచ్చటగా ఉన్నా పక్కన పెట్టవలసిందే. సామాజిక మాధ్యమాల్లో తిరిగే వ్యుత్పత్తులు చాలావరకు ఈ పరీక్ష దగ్గరే ఆగిపోతాయి. మరోవైపు, చెవికి ఏమాత్రం కలవని ‘చక్ర’, గ్రీకు ‘కుక్లోస్’, ఇంగ్లీషు ‘వీల్’ ఒకే మూలానికి చెందినవి.

అపోహ: గ్రీకు, లాటిన్ సంస్కృతం నుంచి పుట్టాయి.

వాస్తవం: ఈ మూడూ బహుశా ఇప్పుడు లేని ఒక మూలభాష నుంచి వచ్చి ఉంటాయని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చేసిన ప్రసంగంలోనే అన్నాడు. ఆ తరువాత దొరికిన ఆధారాల్లో నాకు అన్నిటికంటే బలంగా తోచేది అచ్చులకు సంబంధించినది. ‘మరియు’ అనే అర్థంలో సంస్కృతం ‘చ’ అంటుంది, లాటిన్ ‘క్వె’ అంటుంది. ఇక్కడ ‘క’ వంటి కంఠ్యధ్వని ‘చ’కారంగా మారాలంటే దాని తరువాత ఒకప్పుడు ‘ఎ’కారం ఉండి తీరాలి. సంస్కృతంలో ‘అ’కారంలో కలిసిపోయిన ఆ అచ్చును గ్రీకు, లాటిన్ ఇప్పటికీ నిలుపుకున్నాయి.

అపోహ: మాటలు మన దేశం నుంచి వెళ్ళడమే తప్ప అక్కడి నుంచి రాలేదు.

వాస్తవం: ‘పిప్పలి’ గ్రీకులో ‘పెపెరి’గా, లాటిన్‌లో ‘పిపెర్’గా మారిన మాట నిజమే. అయితే జ్యోతిషం ద్వారా మనకు చేరిన ‘హోర’, ‘కేంద్రం’ గ్రీకు మాటలు.

అపోహ: ప్రాచీన గ్రంథాలన్నీ మనకు దక్కాయి.

వాస్తవం: ప్రాచీన గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ నూటికి పైగా నాటకాలు రాస్తే పూర్తిగా మిగిలినవి 7. ఈజిప్టులోని ఆక్సిరింకస్ చెత్తకుప్పల్లో 1896-97 నుంచి తవ్వి తీసిన పపైరస్ (ఒక రెల్లుజాతి మొక్కతో చేసిన ప్రాచీన కాగితం) ముక్కల్లో ఆయన మరో నాటకంలోని పెద్ద భాగం బయటపడింది; అక్కడ దొరికిన ముక్కల్లో అధికభాగం ఇంకా ప్రచురణకు నోచుకోలేదు.