డిపో గేటు లోపల జరిగే బస్సు ప్రమాదాలు లెక్కల్లో ఎందుకు కనబడవు?

బస్సు ప్రమాదం అనగానే మనకి హైవే, లోయ, ఎదురొచ్చిన లారీ గుర్తొస్తాయి. డిపోలో రివర్స్ తీస్తున్న బస్సుకీ గోడకీ మధ్య నలిగిపోయిన హెల్పర్, బండి కింద దూరి రిపేర్ చేస్తుంటే అది కదిలి కాలు పోగొట్టుకున్న మెకానిక్, స్కూల్ గేటు లోపల బస్సు ముందు నుంచి దాటబోయిన పిల్లాడు, వీళ్ళెవరూ గుర్తురారు. పది టన్నులు దాటే బండి నడక స్పీడులో వచ్చి నొక్కినా కటి ఎముక, పక్కటెముకలు విరుగుతాయి, లోపల రక్తం కారుతుంది. స్పీడు లేదు కదా చిన్న దెబ్బే అనుకోవడం చాలా తప్పు.

ఈ మరుపు పాతదే. బ్రిటన్‌లో కారు గుద్ది చనిపోయిన మొదటి పాదచారిగా చెప్పే బ్రిడ్జెట్ డ్రిస్కాల్, 1896 ఆగస్టులో, చనిపోయింది లండన్ క్రిస్టల్ ప్యాలెస్ ఆవరణలో, అక్కడ కార్ల ప్రదర్శన నడుస్తుంటే. అయినా తర్వాత లెక్కలు, చట్టాలు అన్నీ రోడ్డు చుట్టూనే పెరిగాయి.

గాయాల లెక్కకి ప్రపంచమంతా వాడే పట్టిక ఐసీడీ, అంటే జబ్బులకీ గాయాలకీ కోడ్‌లిచ్చే ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితా. రోడ్డు మీద జరిగింది, రోడ్డు బయట జరిగింది అని విడదీయడం అందులో ఎప్పట్నుంచో ఉంది, కానీ 1979 నుంచి వాడిన తొమ్మిదో ఎడిషన్‌లో బస్సులో ఉన్నవాళ్ళకి వేరే గడి లేదు, కారు ప్రయాణికుడూ బస్సు ప్రయాణికుడూ ఒకే చోట పడేవాళ్ళు. 1990లో ఆమోదించిన పదో ఎడిషన్ వచ్చాకే వి70 నుంచి వి79 దాకా బస్సుకి సొంత కోడ్‌లు, రోడ్డు బయటి ప్రమాదాలకి విడి అంకెలు వచ్చాయి. పెద్ద మెరుగే, కానీ మూడు కంతలు మిగిలాయి. ఎక్కడ జరిగిందో రాయకపోతే బస్సు కేసుని రోడ్డు ప్రమాదంగానే లెక్కేయాలని రూల్ ఉంది, అంటే కేస్ షీట్‌లో ఒక్క మాట మర్చిపోతే డిపో ప్రమాదం కాస్తా రోడ్డు ప్రమాదం అయిపోతుంది. ఎక్కుతూ దిగుతూ పడితే ఒకటే కోడ్, రోడ్డా యార్డా అని చెప్పే వీలే లేదు. ఇక అసలు ఎక్కువ రిస్క్‌లో ఉండే హెల్పర్, మెకానిక్ నేల మీద ఉంటారు కాబట్టి పాదచారుల కోడ్‌లలోకి వెళ్తారు, ఆ వి04 కోడ్‌లో లారీ, బస్సు రెండూ కలిసే ఉన్నాయి. ఆ కోడ్ ఒక్కటే చూసి వీళ్ళని బయటకి తీసి లెక్కపెట్టలేం.

ఇన్సూరెన్స్‌లో కూడా ఇదే గొడవ నడిచింది, బండికి తప్పనిసరి బీమా రోడ్డు మీద ప్రమాదాలకేనా అని. బ్రిటన్‌లో 1998లో అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టుగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ కార్ పార్క్ రోడ్డు కిందకి రాదని తేల్చింది, దాంతో 2000లో చట్టంలో 'ఇతర బహిరంగ ప్రదేశం' అనే మాట చేర్చారు, కానీ జనానికి ప్రవేశం లేని డిపోకి అదీ వర్తించదు. 2014లో స్లొవేనియా నుంచి వచ్చిన కేసులో, ఒక పొలం దగ్గర ట్రాక్టర్ ట్రాలీ తగిలి నిచ్చెన మీంచి పడ్డ మనిషి విషయంలో, యూరోపియన్ యూనియన్ కోర్టు బండిని బండిలా వాడితే చాలు, నిర్బంధ బీమా సొంత స్థలంలో కూడా వర్తిస్తుందని చెప్పింది. ఇదే న్యాయమని నాకనిపిస్తుంది, కానీ బ్రిటన్ 2022లో చట్టం చేసి మరీ ఆ తీర్పుని పక్కన పెట్టేసింది.

అమెరికాలో 1975 నుంచి నడుస్తున్న జాతీయ వాహన ప్రమాద మరణాల లెక్క జనం తిరిగే రోడ్లకే పరిమితం. ఇళ్ళ ముందు రివర్స్ తీస్తున్న బండ్ల కింద పిల్లలు పోతుంటే తల్లిదండ్రులు పోరాడి 2008లో చట్టం తెచ్చుకున్నారు, రోడ్డు బయటి ప్రమాదాల వివరాలు కూడా సేకరించాలని. దాని ఫలితమే 2018 నుంచి కొత్త బండ్లకి తప్పనిసరైన వెనక కెమెరా. ఆ రూల్ మాత్రం దాదాపు 4,500 కిలోల లోపు బండ్లకే, పెద్ద బస్సులు అందులో లేవు, వెనక ఏముందో డ్రైవర్‌కి అస్సలు కనబడని బండి అదే అయినా.